ఉత్తరభాగములు – సామాజికుని బాధ్యత

ఒక కృతి లోకమున మెప్పు పొందిన పిమ్మట దాని పేరుతోనో, దానియందలి పాత్రలతోనో మరియొక కృతి వెలువడుట సాహిత్యమునకు కొత్త గాదు. ఆ రెండవ కృతి మొదటిదానికి తీసికట్టుగా నున్నప్పుడు నింద కర్తపై బడుటయు సహజమే. అయితే ఆ కృతిని చూడకముందే, చదువకముందే పైకమిచ్చి కొనినవారి మాట యేమి? వారు కేవలము మోసపోయినవారా, లేక ఆ మోసమునకు తామును కొంత చేయూత నిచ్చినవారా? ఇటీవల తెలుగు చలనచిత్రములలో రెండవ భాగములు పెచ్చుపెరుగుటచే ఈ ప్రశ్న విద్యార్థుల చర్చలలో తరచుగా వినబడుచున్నది. వీడియో క్రీడలను గూర్చి యితర దేశములలోను ఇదే వివాదము కలదు. అభిమానులు కొనుచున్నంతకాలము నాసిరకపు ఉత్తరభాగములే వచ్చునని కొందరును, డబ్బు పోగొట్టుకొనినవానినే నిందించుట యేమి న్యాయమని కొందరును వాదింతురు. ఈ ప్రశ్నను మన అలంకారశాస్త్రము వెలుగులోను, మన సాహిత్యచరిత్ర వెలుగులోను పరిశీలింపవలెనని మా సంకల్పము.

1

మొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. ఉత్తరభాగ మగుటయే దోషము కాదు. భవభూతి మహావీరచరితము వ్రాసి, పిదప ఉత్తరరామచరితము వ్రాసెను. లోకము రెండవదానినే నెత్తిన బెట్టుకొన్నది. తెలుగున తిక్కన పూర్వకథను తడవక నిర్వచనోత్తర రామాయణమును రచించెను. అది మరియొకరి కీర్తిపై ఆధారపడిన అనుబంధముగా కాక, స్వతంత్ర కావ్యముగనే నిలిచినది. నాచన సోమన ఉత్తర హరివంశము సంగతియు అంతే. విశ్వనాథ సత్యనారాయణ ఆ కవిని గూర్చి 'ఒకడు నాచన సోమన' యని ప్రత్యేకముగా ఒక గ్రంథమునే వ్రాసెను. కావున 'రెండవది గనుక తక్కువ' యను సూత్రము నిలువదు. కథ తరువాత నేమయ్యెనని యడుగుట శ్రోతకు సహజ ధర్మము. ఆ కోరికయందు దోషము వెదకుట కథాస్వభావము నెరుగని మాట.

ఉత్తరభాగములన్నియు ఒక జాతివి కావు. వానిని మూడు తెగలుగా విభజింపవచ్చునని మా యభిప్రాయము. మొదటిది ఖండవిభాగము: ఒకే కథను రెండుగా కోసి రెండు మారులుగా చూపుట. 2015లోను 2017లోను వచ్చిన బాహుబలి చిత్రములు ఇట్టివి. రెండవది పునరుద్ఘాటనము: ఒకసారి ముగిసిన కథను మరల తెరచుట. 2005 నాటి చంద్రముఖికి 2010లో వచ్చిన నాగవల్లియు, 1996 నాటి భారతీయుడునకు 28 సంవత్సరముల తరువాత 2024లో వచ్చిన భారతీయుడు 2 చిత్రమును ఇందుకు తార్కాణములు. మూడవది నామమాత్రానువృత్తి: కథతో సంబంధము లేక, పేరును పాత్ర ధోరణిని మాత్రము నిలుపుకొనుట. 2012లో వచ్చిన గబ్బర్ సింగ్ చిత్రమునకు 2016 ఏప్రిలులో వచ్చిన సర్దార్ గబ్బర్ సింగ్ ఇట్టిది. 2004 నాటి ఆర్యకును 2009 నాటి ఆర్య 2 చిత్రమునకును గల చుట్టరికము ఇట్టిదే.

ఈ విభాగము కేవలము వర్గీకరణకై చేసినది కాదు. బాధ్యత యెవ్వరిదను ప్రశ్నకు జవాబు తెగనుబట్టి మారును. ఖండవిభాగమున సగము కథ విన్నవాడు తక్కిన సగమును కొనక తప్పని స్థితిలో నుండును. అతనికి ఎన్నుకొను స్వేచ్ఛ తక్కువ, కావున బాధ్యతయు తక్కువ. పునరుద్ఘాటనమున స్వేచ్ఛ పూర్తిగా నున్నది: ముగిసిన కథ ముగిసియే యున్నది, మరల తలుపు తట్టినవాడు కర్త, తీసినవాడు ప్రేక్షకుడు. నామమాత్రానువృత్తిలో పేరే సరకు. మొదటిమారు కొనినవాడు ఆ పేరు నమ్మి వంచితుడైనాడనవచ్చును. ఆ పేరు వెనుక నేమియు లేదని తెలిసిన పిదప మరల కొనినవానిని వంచితుడనుట కష్టము.

2

మన ప్రాచీన సాహిత్యమున కొనుగోలుదారుడు లేడని కొందరు భావింతురు. అతడు కలడు, అతని పేరు కృతిభర్త. కావ్యమును అంకితముగా గైకొని కవిని పోషించినవాడు అతడే. అవతారికలను చూచినచో ఒక పద్ధతి స్పష్టపడును: కృతిభర్త కవిని కొలువునకు బిలిపించి, అతని పూర్వకృతులను ప్రస్తుతించి, తనకొక కావ్యము చెప్పుమని కోరును. కాశీఖండావతారికలో శ్రీనాథుని పూర్వ రచనల పట్టిక రావలసిన చోట వచ్చియే యున్నది. వెనుకటి కృతిని జూచి ముందటి కృతిని ఆశించుట నేటి టికెట్టుతో పుట్టిన అలవాటు కాదని దీనివలన తేలుచున్నది.

అయితే నాటి కృతిభర్తకును నేటి టికెట్టు కొనువానికిని ఒక భేదము కలదు. కృతిభర్త కవిని ఎరుగును. సభలో కావ్యము చదువబడును; పండితులు విందురు, ఆక్షేపింతురు, సమాధానములు పొందుదురు. అంకితము పుచ్చుకొనినవాని కీర్తి ఆ కావ్యముతో ముడివడి యుండును. కావ్యము నిలిచిన అతడు నిలుచును, అది నవ్వులపాలైన అతడును నవ్వులపాలగును. మంచి చెడులలో అతనికి వాటా కలదని లోకమంతయు అంగీకరించెను. నేటి ప్రేక్షకుడు ధనమిచ్చు విషయమున కృతిభర్త. కాని వినకముందే కృతి నందుకొను కృతిభర్త. వేలమంది నడుమ ఒకడగుటచే అతని పేరు ఏ అవతారికలోను ఎక్కదు. పేరు లేనిచోట వాటాయు లేదనుకొనుట సులభము. మా చర్చ యంతయు ఈ సులభమైన అనుకోలును గూర్చియే.

నవలా సాహిత్యమున ఈ సంబంధము మరియొక రూపమున గోచరించును. మొక్కపాటి నరసింహశాస్త్రి బారిష్టరు పార్వతీశము ప్రథమభాగము 1924లో వెలువడినది. మొగలితుర్రునుండి సీమకు బయలుదేరిన ఆ యమాయకుని ప్రయాణము తెలుగు హాస్యమునకు ఒక ప్రమాణమైనది. తక్కిన రెండు భాగములు పదులకొలది సంవత్సరముల పిదప వచ్చినవి. నేటికిని పాఠకులు చెప్పుకొను ఘట్టములలో అధికము మొదటి భాగములోనివే. ఐనను రచయితను గాని పాఠకులను గాని ఇందుకు నిందించినవారు అరుదు. ఏలయనగా అచట తొందర లేదు. పాఠకుడు పుస్తకమును తిరుగవేసి చూచి, ఇరుగుపొరుగును అడిగి, గ్రంథాలయమున చదివి, పిదప కొనవచ్చును. వారపత్రికలలో ధారావాహికలు వచ్చిన కాలమున పాఠకుని చేతిలో అంతకు మించిన అధికారముండెను. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళమునకు ఉత్తరభాగముగా తులసిని వ్రాసెను. ఆ నవలల విషయమై చెలరేగిన వాదములు వేరు. కాని వారము వారము కొని చదువు పాఠకునికి వచ్చువారము మానివేయు వెసులుబాటు ఎల్లప్పుడు నుండును. అతని కొనుగోలు ఎడతెగని తీర్పు వంటిది. నేటి చలనచిత్రమున ఆ తీర్పు మూడు దినములకు కుదించుకొనిపోయినది.

3

ప్రేక్షకుడు నిర్దోషి యను పక్షమును దాని పూర్తి బలముతో చూపుట న్యాయము.

మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమున పేరుగన్నది. పలమనేరు, పుంగనూరు ప్రాంతములలోను ఈ పంట విస్తారము. మండీలో వ్యాపారి క్రేటులలోని కాయను చూడక వేలము పాడడు. చేతికెత్తుకొని, రంగును గట్టిదనమును పరీక్షించి ధర చెప్పును. పైన మంచికాయ పేర్చి అడుగున పుచ్చుకాయ పెట్టినచో ఆ తప్పు అమ్మినవానిదే యగును. ఇది లోకన్యాయము. కళాకృతిని ఇట్లు పరీక్షింప వీలులేదు. చూచుటయే దానిని అనుభవించుట. అనుభవించిన పిదప పరీక్షతో పనిలేదు. కావున ప్రతి ప్రేక్షకుడును మొదటిమారు గ్రుడ్డిగానే కొనవలెను. ఆ గ్రుడ్డితనము కళాస్వభావముచే వచ్చినదే గాని అతని అజాగ్రత్తచే వచ్చినది కాదు. అట్టివానికి గురుతుగా దొరకునది మొదటి భాగ మొక్కటే. దానిని నమ్ముట వివేకమే గాని అవివేకము కాదు.

రెండవ వాదము పేదరికమునకు సంబంధించినది. మార్కెట్టులో మూటలు మోయు కూలివాడు, బెంగుళూరు కట్టడపు పనులనుండి పండుగకు ఇంటికి వచ్చిన యువకుడు, పట్టుగూళ్ల రైతు – వీరు ఒక పూట విశ్రాంతికై చిత్రము చూతురు. తమకు తెలిసిన పేరున్న చిత్రమునకు పోవుదురు. సమీక్షలు చదివి, తారతమ్యములు విచారించి పోవలెనని వారిని శాసించుట బల్లయొద్ద కూర్చున్నవాని పెత్తన మగును. మూడవ వాదము సొమ్ము తిరిగి పొందుటకు సంబంధించినది. వీడియో క్రీడల విక్రయశాలయగు స్టీమ్ 2015 జూను నుండి, కొనిన 14 దినములలోపల, ఆడినది 2 గంటలకు మించకున్నచో, పైకము మరల నిచ్చు పద్ధతిని పెట్టినది. మన ప్రదర్శనశాలలలో అట్టి సౌకర్యము లేదు. సరకు నచ్చకున్న తిరిగి ఇచ్చు హక్కు లేనివానిని 'ఏల కొంటివి' యని యడుగుట యుక్తము కాదు.

ఈ మూడు వాదములును బలమైనవే. మొదటిమారు నమ్మి కొనినవానిని, విశ్రాంతికై కొనినవానిని నిందింపరాదని వీనివలన స్థిరపడుచున్నది. మేము దీని నంగీకరింతుము. కాని ఈ వాదములన్నియు ఒక రకపు కొనుగోలుదారునే దృష్టియందుంచుకొన్నవి: తెలియక కొనినవానిని. తెలిసి కొనువాడు, కొనుటయే గాక ఇతరులచే కొనిపించువాడు, నచ్చలేదనిన వాని నోరు మూయించువాడు మరియొకడు కలడు. అభిమాని యను పేరు ముఖ్యముగా చెల్లునది వీనికి.

4

ఈ రెండవవానిని గూర్చి భరతుడు ఎన్నడో ఆలోచించెను. నాట్యశాస్త్రము 27వ అధ్యాయమున ప్రయోగసిద్ధి వివరింపబడినది. సిద్ధి మానుషి, దైవిక యని రెండు విధములు. చిరునవ్వు, నవ్వు, సాధువాదము, ఆశ్చర్యోక్తి, పులకింత, ఆసనమునుండి లేచుట, వస్త్రాదులు బహూకరించుట మొదలగునవి మానుషసిద్ధికి గురుతులు. ఇవి యన్నియు ప్రయోగమును చూచినవాని చేష్టలు. ప్రయోగము ముందు, మెప్పు వెనుక. పటము ఎత్తకముందే నిలువెత్తు ప్రతిమకు పాలాభిషేకము చేయుట ఈ క్రమమును తలక్రిందులు చేయుచున్నది. చూడనిదానికి చేసిన సాధువాదము సిద్ధికి గురుతు కానేరదు. అది ప్రయోగమును గూర్చి ఏమియు చెప్పదు, చేసినవాని పక్షమును మాత్రము చెప్పును.

ఆ యధ్యాయముననే ఘాతములు, అనగా ప్రయోగమునకు కలుగు దెబ్బలు, లెక్కింపబడినవి. దైవవశమున వచ్చునవి, ప్రయోక్తల లోపమున వచ్చునవి గాక, పరులవలన వచ్చునవి యని మరియొక తెగ కలదు. పరులవలని ఘాతములకు కారణములుగా మాత్సర్య ద్వేషములతో పాటు పక్షపాతమును కూడ భరతుడు చేర్చెను. ఇది మిక్కిలి గమనింపదగినది. శత్రువు చేయు అల్లరి ప్రయోగమును చెరచునని యెవ్వరైనను చెప్పగలరు. పక్షము వహించినవాడును చెరచునని గుర్తించుట శాస్త్రకారుని సూక్ష్మదృష్టికి నిదర్శనము. మమ్మటుడు కావ్యప్రకాశము సప్తమోల్లాసమున లెక్కించిన దోషములు కావ్యగతములు. వానికి కర్తయే ఉత్తరవాది. భరతుడు చెప్పిన ఈ ఘాతములో సభాసదునికి భాగము కలదు. రసము సామాజికుని హృదయమున నిష్పన్నమగునని అభినవగుప్తాదులు సిద్ధాంతీకరించిరి. రసములో అంత పెద్ద వాటా కలవానికి రసభంగములో ఏ వాటాయు లేదనుట పొసగదు.

పక్షపాతము ప్రయోగమును ఎట్లు చెరచునో తెలియుటకు చలనచిత్ర వ్యాపారపు నడకను కొంత విచారింపవలెను. వ్యాపార పరిభాషలో పలమనేరు 'సీడెడ్' ప్రాంతములోనిది. చరిత్రలో 1800లో నిజాము ఆంగ్లేయులకు దత్తము చేసిన మండలములకే ఆ పేరు చెల్లును. పలమనేరు, పుంగనూరు, కుప్పము 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఉత్తరార్కాటులోనివి, మదనపల్లె మాత్రము కడపలోనిది. వ్యాపారపు పటమునకు చరిత్రతో పనిలేదు. నిర్మాత ఇట్టి ఒక్కొక్క ప్రాంతపు హక్కును చిత్రము విడుదల కాకముందే పంపిణీదారునికి అమ్మును. ధర దేనినిబట్టి? నాయకుని పేరునుబట్టి, వెనుకటి భాగపు వసూళ్లనుబట్టి. కొనినవాడు పెట్టుబడిని మొదటి మూడు నాలుగు దినములలోనే రాబట్టుకొన జూచును. ఆ దినములలో వచ్చువారు చిత్రమెట్లున్నను వచ్చువారు. అనగా వారి పైకము చిత్రపు గుణముతో సంబంధము లేక చేరు పైకము. రాబడిలో గుణముతో సంబంధము లేని భాగము ఎంత పెరిగిన, గుణముపై పెట్టవలసిన శ్రద్ధకు వ్యాపారములో అంత విలువ తగ్గును. ఎవరో ఒకరు దుర్బుద్ధితో చేయుపని కాదిది. లెక్క తనంతట తాను చేయుపని.

ధరల చరిత్ర దీనిని బలపరచుచున్నది. 2021 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము నిర్ణయించిన ధరలలో గ్రామపంచాయతీలలోని శీతలీకరణము లేని ప్రదర్శనశాలల కనిష్ఠ తరగతికి 5 రూపాయలుండెను. 2022 మార్చిలో ఆ పద్ధతిని సవరించి, 20 రూపాయలనుండి 250 రూపాయలవరకు తరగతుల నేర్పరచిరి. 2024 డిసెంబరు 4న పుష్ప రెండవ భాగపు ముందస్తు ప్రదర్శనకు సాధారణ ధరపై 800 రూపాయలు అదనముగా గ్రహించుటకు తెలంగాణ ప్రభుత్వము అనుమతించెను. ఒక దినము ముందు చూచుటకు ఇంత ధర పెట్టగలవారున్నారని తెలిసియే అట్టి అనుమతి యడుగబడును. ఆ రాత్రియే హైదరాబాదు సంధ్యా ప్రదర్శనశాలయొద్ద త్రొక్కిసలాటలో ఒక తల్లి మరణించినది, ఆమె కుమారుడు తీవ్రముగా గాయపడెను. ఆ నెలలోనే ప్రభుత్వము ఇట్టి ముందస్తు ప్రదర్శనలకు అనుమతులీయమని ప్రకటించెను. ఆ దుర్ఘటనకు కారణములను విచారించుట న్యాయస్థానముల పని. దాని నిందను గుంపులోని యెవ్వరిపైనను మోపుట మా యుద్దేశము కాదు. ముందుగా చూచుట యను విలువ చూచుట యను విలువను మించిపోయిన కాలములో నున్నామని మాత్రము ఇందువలన స్పష్టము.

దీనికొక ప్రత్యుదాహరణము చూపవచ్చును. సర్దార్ గబ్బర్ సింగ్ మొదటి దినములలో విరివిగా వసూలు చేసినను పిదప నిలువలేదు. పంపిణీదారులు నష్టపోయిరని నాటి పత్రికలు వ్రాసినవి. 2015లో కిక్ 2, 2024లో డబుల్ ఇస్మార్ట్ కూడ తమ మొదటి భాగముల యాదరణకు దూరముగా నుండిపోయినవి. కావున ప్రేక్షకుడు శిక్షింపనే శిక్షించుచున్నాడు గదా యని యనవచ్చును. నిజమే. కాని శిక్షించినవాడెవడు? పక్షము లేని సామాన్య ప్రేక్షకుడు, నాలుగవ దినమున రాకుండుటచేత. శిక్ష యెవనికి తగిలెను? ముందే ధర చెల్లించిన పంపిణీదారునికి. హక్కులమ్ముకొనినవాడు నష్టమునకు దూరముగా నుండెను. మొదటి మూడు దినముల అభిమాని ఈ న్యాయవిచారణలో సాక్షిగానైన రాలేదు. ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. 1996లో వచ్చిన డ్యూక్ న్యూకమ్ 3డి యను వీడియో క్రీడకు ఉత్తరభాగము 1997లో ప్రకటింపబడి, 14 సంవత్సరముల నిరీక్షణము పిదప 2011లో వెలువడి, విమర్శకులచే నిరసింపబడినది. నిరీక్షణముచే పెరిగిన కోరిక గుణమునకు హామీ కాజాలదని ఆ క్రీడను కొనినవారు నేర్చుకొనిరి. తెలుగు ప్రేక్షకునికి భారతీయుడు 2 నేర్పిన పాఠమును అదియే.

5

ఇంతవరకు చెప్పినదానిపై ఒక ఆక్షేపణ మిగిలియున్నది. ఒక్కని టికెట్టుతో ఏమి మారును? అతడు కొనకున్నను చిత్రము వచ్చును, కొనినను వచ్చును. ఫలితమును మార్చలేనివానికి బాధ్యత ఎట్లు?

దీనికి సమాధానము మా ప్రాంతపు భారతయజ్ఞమే. చిత్తూరు మండలమున ద్రౌపదీ ధర్మరాజుల ఆలయములయొద్ద 18 దినములు భారతము జరుపుదురు. పగలు హరికథ, రాత్రి నాటకము. అర్జునుడు తపస్సుమాను ఎక్కును. కడపటి దినమున మట్టితో మలచిన మహాకాయుడగు దుర్యోధనుని వధ. ఊరివారు చందాలు వేసికొని నాటకపు జట్టును పిలిపింతురు. ఇంటికొక చందా, ఏ ఒక్క చందాయు ఫలితమును మార్చదు. ఐనను ఆట పేలవమైనచో మరుసటి యేడు ఆ జట్టును పిలువకుండుట ఊరివారి చేతిలోని పని. 'మేమొక్కరమే కాదు గదా' యని అచట ఎవ్వరును తప్పించుకొనరు, ఏలయనగా చందా వేసినవారందరును రచ్చబండయొద్ద కూర్చుండి మాటలాడుకొందురు. కథ అందరికిని తెలిసినదే, కొత్తదనమునకై ఎవ్వరును రారు, ప్రయోగగుణమునకై వత్తురు. ఏటేట అదే కథ వచ్చినను ఆ భారతము విసుగు పుట్టింపకుండుటకు ఈ మాటలాడుకొనుటయే ప్రధాన హేతువని మా నమ్మకము. నేటి ప్రేక్షకునికి చందా మిగిలినది, రచ్చబండ పోయినది. ఒక్కొక్కని చందా అల్పమగుటచే బాధ్యత అల్పమగును గాని శూన్యము కాదు.

నింద పంపకపు ఆస్తి వంటిది కాదని కూడ గుర్తింపవలెను. తండ్రి భూమిని ఒక కుమారునికి ఎక్కువ యిచ్చిన మరియొకనికి తగ్గును. నింద యట్లు కాదు. ప్రేక్షకునికి కొంత బాధ్యత కలదనినంత మాత్రమున నాసిరకపు కృతిని తెలిసి అమ్మినవాని నింద ఎంతమాత్రము తరుగదు. అమ్మినవాడు అమ్మినందుకు, పక్షము వహించినవాడు తీర్పు మానుకొనినందుకు, ఎవనికి వాడు పూర్తిగా ఉత్తరవాది. ఈ రెంటిని వేరుచేయకుండుటచేతనే ఈ వివాదము ఒక కొలిక్కి రాకున్నది.

ఇచట మా ప్రాంతమునకు సంబంధించిన ఒక విశేషమును ప్రస్తావింపవలసియున్నది. 2021 డిసెంబరులో వచ్చిన పుష్ప మొదటి భాగము శేషాచలపు ఎర్రచందనపు కథను చిత్తూరు యాసలో చెప్పినది. అంతకు ముందు ఈ యాసకు గౌరవము తెచ్చినవారు కథకులు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కథలు, మునికన్నడి సేద్యం ఒకదాని వెనుక నొకటి వ్రాసినప్పుడు ఒకే ఊరు, ఒకే మనుష్యులు, ఒకే పలుకుబడి మరల మరల వచ్చినను అవి చర్వితచర్వణములు కాలేదు. వెనుకటి పుస్తకపు మెప్పు గాక ఊరి బ్రతుకే ముందటి పుస్తకమును నడిపించినది. చలనచిత్రమునకు ఈ సౌలభ్యము తక్కువ. మొదటి భాగమున జీవభాషగా వచ్చిన యాస మెప్పు పొందినంతనే వ్యాపారచిహ్న మగు ప్రమాదము కలదు. రెండవ భాగమున పాత్ర మాటలాడుటకు మారుగా తన వెనుకటి మాటలను తానే అనుకరింపసాగును. అది భాషకు జరుగు నష్టము. టికెట్టు పైకముతో పూడునది కాదు.

ఈ నష్టమును పసిగట్టగలవాడెవ్వడు? భరతుడు ప్రాశ్నికులను, అనగా ప్రయోగ నిర్ణేతలను, చెప్పునప్పుడు ఏ విషయమునకు ఆ విషయమెరిగినవానినే నియమించెను: యజ్ఞమునకు యజ్ఞవేత్త, అభినయమునకు నర్తకుడు, సౌష్ఠవమునకు అస్త్రవేత్త, పాఠ్యమునకు శబ్దవేత్త. చిత్తూరు యాసకు శబ్దవేత్తలు పలమనేరు, పుంగనూరు, కుప్పము వీథులలో నున్నారు. ఏ మాట ఇచటిది, ఏ మాట అతికించినది, ఎచట పలుకు సహజము, ఎచట వెక్కిరింత – వీరికి తెలిసినట్లు మహానగరపు సమీక్షకునికి తెలియదు. కన్నడ, తమిళ సీమల యంచున నుండుటచే మూడు భాషల చిత్రములను పోల్చి చూచు అలవాటు కూడ వీరికి కలదు. ఇట్టివారు 'మన యాస' యను పక్షముతో చూడకముందే చేతులు తట్టినచో, తమ ప్రాశ్నిక పదవిని తామే వదలుకొనినవారగుదురు. దూరపు ప్రేక్షకునికంటె వీరి బాధ్యత హెచ్చు. ఏలయనగా వీరి యెరుక హెచ్చు.

6

చర్చాఫలితమును ఇట్లు సంగ్రహింపవచ్చును. ఉత్తరభాగమును కోరుట దోషము కాదు. మొదటి భాగమును నమ్మి ఒకమారు కొనుట దోషము కాదు. విశ్రాంతికై చూచువానిని, సగము కథయొద్ద నిలిచిపోయినవానిని నిందింపరాదు. చూడకముందే మెచ్చుట, పేరు వెనుక పస లేదని తెలిసియు పోటీపక్షముపై పంతముతో కొనుట, నచ్చలేదని చెప్పినవానిని శత్రువుగా నెంచి నోరు మూయించుట – ఈ మూటియందు అభిమాని నిందకు పాత్రుడు. వీనిలో మూడవది అన్నిటికంటె గురుతరము. మొదటి రెండింటివలన అతడు తన తీర్పును మాత్రమే పోగొట్టుకొనును. మూడవదానివలన ఇతరుల తీర్పును కూడ చెరచును, రచ్చబండను లేకుండ చేయును. కావున అతని దోషము కొనుటలో కంటె, కొనిన పిదప నిజము చెప్పకుండుటలోను, చెప్పనీయకుండుటలోను ఎక్కువగా నున్నదని మా సిద్ధాంతము.

విశ్వవిద్యాలయములలో పరిశోధన చేయు విద్యార్థులకు ఇచట చేయదగిన పని యెంతయో కలదు. రెండవ భాగములయందలి యాసను మొదటి భాగములయందలి యాసతో పదము పదముగా పోల్చుట, భారతము జరుగు ఊళ్లలో జట్టులను ఎన్నుకొను విధానమును, అందు చెప్పబడు మెప్పుకోళ్లను ఆక్షేపణలను సేకరించుట, చిన్న పట్టణముల ప్రేక్షకులు మొదటి దినమునను నాలుగవ దినమునను చెప్పు మాటలను వ్రాసియుంచుట – ఇవి గ్రంథాలయమున దొరకు విషయములు కావు. పట్టణములలో ప్రదర్శనశాలలును, పల్లెలలో భారతపు ఆలయములును నిలిచియుండగనే వీనిని సేకరింపవలెను. సామాజికుని మాట వ్రాతలో నిలిచిననాడు అతడు పేరులేని కృతిభర్తగా నుండడు. అతని మెప్పునకును అతని తప్పునకును అప్పుడే సరియైన లెక్క కుదురును.